'హౌండ్ డాగ్' ఎవరిది? నల్లజాతి సంగీతానికి రాక్ పడ్డ బాకీ

ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు ఒకే పాటను రెండు గొంతుల్లో వెంటవెంటనే విన్నాను.

మొదటిది 1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ పాడిన 'హౌండ్ డాగ్', అంటే వేటకుక్క. పాట తాపీగా నడుస్తుంది. తన చుట్టూ తిరుగుతూ తన కష్టం మీద బతకాలని చూసే మగవాణ్ణి ఒక ఆడమనిషి గుమ్మంలోనే నిలబెట్టి దులిపేస్తున్నట్టు ఉంటుంది. గొంతులో గరుకుదనం, కోపం, వెటకారం కలిసిపోయి ఉంటాయి. మధ్యలో పీట్ లూయిస్ గిటార్ వాయిస్తుంటే కూడా ఆమె ఊరుకోరు, మాటలు విసురుతూనే ఉంటారు. చివర్లో బ్యాండ్ వాళ్లు కుక్కల్లా ఊళ పెడతారు.

రెండోది 1956 జులై 2న న్యూయార్క్‌లో తెల్ల గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాడింది. వేగం బాగా పెరిగింది. పల్లవి అయిన ప్రతిసారీ డ్రమ్స్ తుపాకీ పేలినట్టు దడదడలాడతాయి. ఆడమనిషి కోపం పోయి, పాట నిజంగానే ఒక పనికిరాని కుక్కను తిట్టినట్టు మారింది. ఈ మార్పు ఎల్విస్ చేసింది కూడా కాదు. లాస్ వేగాస్‌లో ఫ్రెడీ బెల్ అనే తెల్ల గాయకుడి బృందం అలా మార్చి పాడుతుంటే విని నేర్చుకున్నారు.

థార్న్‌టన్ రికార్డు 1953లో నల్లజాతి కొనుగోలుదారుల కోసం ఉన్న రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో 7 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఎల్విస్ రికార్డు, వెనక వైపు పాటతో కలిపి, అమెరికా మొత్తం పాప్ జాబితాలో 11 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ పాటకు తనకు ముట్టింది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పుకున్నారు.

2022లో ఎల్విస్ జీవితం మీద సినిమా వచ్చినప్పుడు, 2025లో మిసిసిపీ బ్లూస్ చుట్టూ అల్లిన మరో సినిమా వచ్చినప్పుడు పాత వాదన మళ్లీ లేచింది. తెల్లవాళ్లు నల్లవాళ్ల సంగీతాన్ని దొంగిలించారని ఒకరంటారు. సంగీతానికి రంగేమిటి, అందరూ అందరి దగ్గరా నేర్చుకుంటారు కదా అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అయితే ఎవరు ఎవరికి ఏం బాకీ అనేది తేలాలంటే ముందు లెక్క ఎలా రాశారో చూడాలి.

ఇంతకీ నల్లజాతి సంగీతం అంటే ఏమిటి?

బ్లూస్ పుట్టింది అమెరికా దక్షిణాన, బానిసల వారసులు పత్తి చేలల్లో పనిచేసిన చోట. దాని చట్రం చిన్నది. ఒక మాట పాడతారు, అదే మాట మళ్లీ పాడతారు, మూడోసారి దానికి జవాబు చెబుతారు. ఇదంతా సాధారణంగా పన్నెండు తాళ భాగాల్లో తిరుగుతుంది. గొంతు ఆగినచోట గిటార్ అందుకుంటుంది, మన బుర్రకథలో వంత పాడినట్టు. స్వరాలు కూడా పియానో మెట్ల మీద సూటిగా నిలబడవు. తీగను లాగి, గొంతును వంచి, రెండు మెట్ల మధ్య ఎక్కడో పట్టుకుంటారు. గమకం విన్న చెవికి ఇది కొత్తగా ఉండదు. గమకాన్ని కాగితం మీద పూర్తిగా రాయడం ఎంత కష్టమో దీన్ని రాయడమూ అంతే కష్టం. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా గొడవ సగం అర్థమవుతుంది.

చర్చిలో అదే ఆవేశం గాస్పెల్ అయింది. సిస్టర్ రొసెట్టా థార్ప్ చర్చి పాటలకు ఎలక్ట్రిక్ గిటార్ జోడించి 1940ల్లోనే వాయించిన తీరు వింటే, తర్వాత పదేళ్లకు రాక్ అండ్ రోల్ అని పేరు పెట్టినదంతా అందులోనే కనిపిస్తుంది.

పేర్ల వెనక వ్యాపారం ఉంది. 1920లో మేమీ స్మిత్ పాడిన ఒక బ్లూస్ రికార్డు బాగా అమ్ముడయ్యాక, కంపెనీలు నల్లజాతి కొనుగోలుదారుల కోసం 'రేస్ రికార్డ్స్' అని వేరే జాబితాలు పెట్టాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరు తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. అంటే ఆ జాబితా ఏ రకం సంగీతమో చెప్పేదానికంటే ఎవరు కొంటారో చెప్పేది ఎక్కువ. అదే సంగీతం కొంత కంట్రీ బాణీ కలుపుకుని తెల్ల కుర్రకారు దగ్గరకు చేరేసరికి రాక్ అండ్ రోల్ అయింది.

ఒక పాటలో రెండు ఆస్తులు

చట్టం కళ్లకు ఒక పాటలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. ఒకటి రచన, అంటే మాటలు, బాణీ. రెండోది రికార్డింగ్, అంటే ఒక రోజు ఒక స్టూడియోలో ఒక మనిషి పాడిన ఆ శబ్దం.

అమెరికాలో 1909 చట్టం ప్రకారం ఒకసారి రికార్డయిన పాటను ఎవరైనా మళ్లీ పాడి అమ్ముకోవచ్చు. అమ్మిన ప్రతి కాపీకి 2 సెంట్లు రచన యజమానికి కడితే చాలు. ఈ 2 సెంట్ల రేటు 1977 చివరి దాకా మారలేదు. రికార్డింగ్‌కు మాత్రం 1972 ఫిబ్రవరి 15 దాకా ఫెడరల్ కాపీరైట్ లేనే లేదు. వాద్యాలు ఎలా అమర్చారు, గొంతు ఎక్కడ విరిచారు, ఏ లయలో ఊపారు అన్నవాటికి ఆ రోజుల్లో కోర్టులు రక్షణ ఇవ్వలేదు. అమెరికా మామూలు రేడియోలో పాట వేస్తే ఇవాళ్టికీ డబ్బు రచయితకు, రచన హక్కులు చూసుకునే పబ్లిషర్‌కే వెళ్తుంది, పాడినవాళ్లకు రాదు.

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఒక నల్లజాతి గాయని పాటను ఒక తెల్ల గాయని మళ్లీ పాడారు, ఆ రికార్డు 10 లక్షల కాపీలు అమ్ముడయింది అనుకుందాం. 2 సెంట్ల చొప్పున 20,000 డాలర్లు. వాడుక ప్రకారం అందులో సగం పబ్లిషర్‌కు, సగం రచయితకు. మొదట పాడిన గాయని ఆ పాట రాయలేదు కాబట్టి ఆమెకు సున్నా. ఆమె విరుపులన్నీ రెండో గాయని ఉన్నదున్నట్టు దించుకున్నా సున్నాయే.

ఒకవేళ ఆమే రాసి ఉంటే 10,000 డాలర్లు రావాలి. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. రికార్డును రేడియోలో తిప్పించడానికి, అక్కడ పాటలు వేసే డీజే పేరు కూడా రచయితల్లో చేర్చేవారు. 1955లో నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ రాసిన 'మేబెలీన్' మీద డీజే అలన్ ఫ్రీడ్ పేరు, రస్ ఫ్రాటో అనే ఇంకొకరి పేరు చేరాయి. మన ఊహా లెక్కలోని 10,000 మూడు సమాన భాగాలైతే అసలు రచయితకు మిగిలేది 3,333. ఆ రెండు పేర్లు తొలగడానికి 1986 దాకా పట్టింది.

ఇద్దరి అనుభవం, రెండు ఫలితాలు

1955లో నల్లజాతి గాయకుడు ఫ్యాట్స్ డామినో పాట 'ఎయింట్ దట్ ఎ షేమ్' పాప్ జాబితాలో 10వ స్థానం దాకా వెళ్లింది. అదే పాటను పాట్ బూన్ అనే తెల్ల గాయకుడు పాడితే మొదటి స్థానానికి వెళ్లింది. అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆ పాటను డేవ్ బార్తొలొమ్యూతో కలిసి రాసింది డామినోనే కాబట్టి బూన్ అమ్మకాల మీద కూడా ఆయనకు రచయిత వాటా ఉంది.

అదే సంవత్సరం నల్లజాతి గాయని లవర్న్ బేకర్ 'ట్వీడ్లీ డీ' 14వ స్థానానికి చేరింది. తెల్ల గాయని జార్జియా గిబ్స్ దాన్ని దాదాపు అచ్చు దించినట్టు పాడితే 2వ స్థానం. బేకర్ ఆ పాట రాయలేదు. ఆమె దగ్గర ఉన్నది ఆ పాడే తీరు. దానికి ధర లేదు. ఆమె ఊరుకోలేదు, డెట్రాయిట్ నుంచి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యుడు చార్లెస్ డిగ్స్‌కు ఉత్తరం రాసి, ఇలా దించుకోకుండా చట్టం మార్చమని అడిగారు. చట్టం మారలేదు. ఒక గాయని తన గొంతు తనదేనని చెప్పుకోవడానికి పార్లమెంటు తలుపు తట్టాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టిన సంగతి.

బూన్ పాడిన 'టుట్టీ ఫ్రుట్టీ' 12వ స్థానానికి వెళ్తే, నల్లజాతి గాయకుడు లిటిల్ రిచర్డ్ పాడిన అసలు రికార్డు 17 దగ్గర ఆగింది. ఆ తర్వాతి పాట 'లాంగ్ టాల్ శాలీ'ని బూన్‌కు నోరు తిరగనంత వేగంగా పాడాలని తాను పట్టుబట్టినట్టు రిచర్డ్ చెప్పేవారు. బూన్ దాన్నీ పాడారు. ఈసారి మాత్రం శ్రోతలు రిచర్డ్ రికార్డునే ఎక్కువ ఆదరించారు.

ఇవన్నీ జరుగుతున్న దేశం ఎలాంటిదో కూడా చూడాలి. 1956 ఏప్రిల్‌లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, తెల్లవాళ్ల కోసం పాడుతున్న నల్లజాతి గాయకుడు నాట్ కింగ్ కోల్ మీద వేదిక పైకెక్కి దాడి చేశారు. ఆ ఏడాదే ఎల్విస్ టీవీలో దేశమంతా కనిపించారు. కోల్ సొంత టీవీ కార్యక్రమానికి మాత్రం దేశవ్యాప్త స్పాన్సర్ దొరకలేదు.

మరి ఎల్విస్ దొంగేనా?

1954 జులైలో మెంఫిస్‌లో ఎల్విస్ తొలి రికార్డు 'దట్స్ ఆల్ రైట్' పాడారు. అది ఆర్థర్ క్రూడప్ అనే మిసిసిపీ బ్లూస్ గాయకుడి పాట, క్రూడప్ 1946లో రికార్డు చేశారు. ఎల్విస్ రికార్డు మీద రచయితగా క్రూడప్ పేరే ఉంది. 1956లో ఒక పత్రికతో మాట్లాడుతూ, తాను చేస్తున్నది నల్లవాళ్లు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదేనని, క్రూడప్ వాయింపు విని పెరిగానని ఎల్విస్ స్వయంగా చెప్పారు. అయినా క్రూడప్‌కు రావాల్సింది చేతికి అందలేదు. హక్కులు ఆయన మేనేజర్ లెస్టర్ మెల్రోజ్ చేతిలో ఉండటమే కారణం. ఏళ్ల తరబడి పోరాడి, రాయల్టీ పూర్తిగా చూడకుండానే 1974లో క్రూడప్ కన్నుమూశారు.

ఓటిస్ బ్లాక్‌వెల్ కథ ఇంకో రకం. ఎల్విస్‌కు 'డోంట్ బీ క్రూయెల్', 'ఆల్ షుక్ అప్' రాసిన నల్లజాతి రచయిత ఆయన. ఎల్విస్ పాడాలంటే రచయితగా ఎల్విస్ పేరూ వేయాలి, వాటా ఇవ్వాలి అనేది షరతు. ఆయన ఒప్పుకున్నారు. డబ్బు వచ్చింది, సగం.

'హౌండ్ డాగ్' రాసింది థార్న్‌టన్ కాదు. జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్లు, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆమెను చూసి ఆమె కోసమే రాశారు. ఆ రికార్డు తెచ్చిన పీకాక్ కంపెనీ యజమాని డాన్ రోబీ నల్లజాతి వ్యక్తి. ఆయనే వేరొకరి పాటల మీద 'డెడ్రిక్ మలోన్' అనే మారుపేరుతో రచయిత వాటా తీసుకున్న మనిషి కూడా. కాబట్టి దోపిడీ అంతా ఒకే రంగు చేసిందనడానికి వీల్లేదు. నష్టపోయినవాళ్లలో నల్లజాతి కళాకారులే ఎక్కువ ఎందుకంటే, మంచి లాయరు, బేరమాడే బలం, ఇంకో కంపెనీకి పోయే దారి వాళ్లకు అన్నిటికంటే తక్కువ.

1989లో పబ్లిక్ ఎనిమీ ర్యాప్ బృందం ఎల్విస్‌ను జాత్యహంకారి అని పాటలోనే తిట్టింది. ఎల్విస్‌ను దగ్గర నుంచి చూసిన నల్లజాతి బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ మాత్రం ఆయన్ను సమర్థించారు. నా మటుకు నాకు ఎల్విస్ దొంగ కాదు. అన్యాయంగా కట్టిన ఇంట్లో ఆయనకు పెద్ద గది దొరికింది.

సముద్రం దాటి తిరిగొచ్చిన బ్లూస్

1961 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో కీత్ రిచర్డ్స్‌కు చిన్ననాటి పరిచయస్తుడు మిక్ జాగర్ కనిపించారు. జాగర్ చంకలో చక్ బెర్రీ, బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ రికార్డులున్నాయి. తర్వాత వాళ్లు పెట్టిన బ్యాండ్ పేరు కూడా మడ్డీ వాటర్స్ పాట నుంచి తీసుకున్నదే, రోలింగ్ స్టోన్స్. 1965లో అమెరికా టీవీ షో ఒకటి వాళ్లను పిలిస్తే హౌలిన్ వుల్ఫ్‌ను కూడా పిలవమన్నారు. వుల్ఫ్ పాడుతుంటే ఈ కుర్రాళ్లు ఆయన కాళ్ల దగ్గర కూర్చుని విన్నారు. చాలామంది అమెరికన్ తెల్ల పిల్లలు తమ దేశపు బ్లూస్ పెద్దను చూడటం అదే మొదలు.

ఈ పని వల్ల నల్లజాతి కళాకారులకు మేలు జరిగిందనే వాదనకు బలం ఇక్కడే. 1969లో స్టోన్స్ పర్యటనలో బీబీ కింగ్ వేదికెక్కారు. క్రీమ్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం, బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ పాట 'ఐ యామ్ సో గ్లాడ్' పాడి ఆయన పేరు వేయడంతో వచ్చిన రాయల్టీ, క్యాన్సర్‌తో ఉన్న ఆయన వైద్యానికి ఉపయోగపడింది.

అదే క్రీమ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్, జీవితమంతా బ్లూస్ వాయించిన మనిషి, 1976 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసదారులను తిడుతూ, వలసల వ్యతిరేకి ఈనక్ పావెల్‌ను సమర్థిస్తూ మాట్లాడారు. ఆ మాటలకు జవాబుగానే 'రాక్ అగైన్‌స్ట్ రేసిజం' ఉద్యమం మొదలైంది. చాలా ఏళ్ల తర్వాత ఆయన సిగ్గుపడుతున్నానని చెప్పారు. ఒక సంగీతాన్ని ప్రేమించడం, ఆ సంగీతాన్ని చేసిన మనుషులను గౌరవించడం ఒకటే అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని ఉదాహరణ.

లెడ్ జెప్పెలిన్ కేసు: ఒక పాటను విప్పి చూస్తే

1962లో నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ రాసిన 'యూ నీడ్ లవ్' పాటను మడ్డీ వాటర్స్ పాడారు. 1966లో స్మాల్ ఫేసెస్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ దాన్ని కొంచెం మార్చి తమ పేరు వేసుకుంది. 1969లో మరో ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ పాట 'హోల్ లాటా లవ్' వచ్చింది. డిక్సన్ పేరు లేదు. 1985లో డిక్సన్ కోర్టుకు వెళ్లారు, 1987లో బయట రాజీ కుదిరింది, ఆయన పేరు చేరింది.

పాటను విప్పి చూస్తే సంగతి స్పష్టంగా ఉంటుంది. మొదట మోగి మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటార్ ముక్క, రిఫ్ అంటారు, బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ సొంతం. మధ్యలో వింత శబ్దాలతో సాగే భాగమూ బ్యాండ్‌దే. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ పాడిన మాటల్లో ఎక్కువ భాగం మాత్రం డిక్సన్‌వి. పాడే తీరు స్మాల్ ఫేసెస్ మీదుగా మడ్డీ వాటర్స్ నుంచి వచ్చింది. కోర్టు దారి డిక్సన్‌కు పనికొచ్చింది, మాటలు కాగితం మీద ఉన్నాయి కాబట్టి. మడ్డీ వాటర్స్ గొంతులో నుంచి తీసుకున్నదానికి కేసు వేసే దారే లేదు.

ఎదుటి వాదనలో గట్టి భాగం ఇది: బ్లూస్‌లో అందరూ అందరి దగ్గరా తీసుకున్నారు. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ పాటల్లో స్కిప్ జేమ్స్, లెరాయ్ కార్, కొకోమో ఆర్నల్డ్ వినిపిస్తారు. చక్ బెర్రీ 'మేబెలీన్'కు మూలం 'ఐడా రెడ్' అనే తెల్లవాళ్ల కంట్రీ పాట. నిజమే. కానీ చేతులు మారుతూ తిరిగే పాటకు, ఒకరు తమ పేరు మీద రిజిస్టర్ చేసి తాళం వేసిన పాటకు తేడా ఉంది. ఊరి బావిలో అందరూ తోడుకోవచ్చు. ఒకరు దాని చుట్టూ కంచె వేసి నీళ్లు అమ్మడం మొదలుపెట్టాక, బావి తవ్వినవాళ్లెవరన్న ప్రశ్న వస్తుంది.

బాకీ తీర్చే ప్రయత్నాలు

కొంత తీరింది. మడ్డీ వాటర్స్, డిక్సన్ 1970ల్లో తమ పబ్లిషర్ ఆర్క్ మ్యూజిక్ మీదే కేసు వేసి రాజీకి వచ్చారు. డిక్సన్ పెట్టిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ ఇప్పుడు షికాగోలో పాత చెస్ రికార్డ్స్ కంపెనీ భవనంలోనే నడుస్తోంది, 1964లో రోలింగ్ స్టోన్స్ యాత్రికుల్లా వెళ్లి రికార్డు చేసిన చోటు అది. ఒకప్పుడు అట్లాంటిక్ రికార్డు కంపెనీని నిలబెట్టిన గాయని రూత్ బ్రౌన్, తర్వాత ఇళ్లలో పనిచేసి బతికిన ఆమె, రాయల్టీ లెక్కలు తిరగరాయమని ఏళ్లపాటు పోరాడారు. ఆ పోరాటం నుంచే 1988లో రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పుట్టింది, మొదటి పెద్ద మొత్తం అట్లాంటిక్ ఇచ్చింది.

చట్టం ఇంకా 'తీరు' దగ్గర తడబడుతూనే ఉంది. 2013 నాటి 'బ్లర్డ్ లైన్స్' పాట నల్లజాతి గాయకుడు మార్విన్ గే పాటను పోలి ఉందని 2015లో జ్యూరీ తేల్చింది, 2018లో అప్పీలు కోర్టూ సమర్థించింది. ఎట్టకేలకు పాట ఊపుకు విలువ దక్కిందని కొందరు సంతోషించారు. ఊపు మీద హక్కులిస్తే రేపు కొత్తగా రాసేవాళ్ల చేతులు కట్టేసినట్టేనని, అందులో నల్లజాతి యువకులూ ఉంటారని చాలామంది సంగీతకారులు భయపడ్డారు. ఆ కేసులో ఓడిన ఫారెల్ విలియమ్స్ నల్లజాతి కళాకారుడే.

డబ్బుకు మించి ఇంకో నష్టం ఉంది. 1980ల నాటికి రాక్ అంటే తెల్లవాళ్ల సంగీతం అనే ముద్ర ఎంత బలపడిందంటే, గిటార్ పట్టుకున్న నల్లజాతి బ్యాండ్లకు కంపెనీలు తలుపు తీయలేదు. 1983లో ఇంగ్లిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ, పాటల టీవీ ఛానల్ ఎంటీవీ ఇంటర్వ్యూలో, మీ ఛానల్లో నల్లజాతి వాళ్లు ఇంత తక్కువ ఎందుకని ఎదురు ప్రశ్న వేశారు. 1985లో నల్లజాతి గిటారిస్టు వెర్నన్ రీడ్ మరికొందరితో కలిసి బ్లాక్ రాక్ కొయలిషన్ అనే సంఘం పెట్టారు, తమ పూర్వీకుల ఇంట్లోకి తాము వెళ్లడానికే.

రాక్ కళాకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో మొదటి విడత సభ్యులను ప్రకటించింది. ఎల్విస్ అందులో ఉన్నారు, పక్కనే చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో ఉన్నారు. రొసెట్టా థార్ప్ పేరు 2018లో చేరింది. 1984లో 57 ఏళ్లకు చనిపోయిన బిగ్ మామా థార్న్‌టన్‌ను 2024లో 'సంగీత ప్రభావం' విభాగంలో తీసుకున్నారు. ఆ విభాగంలో ఆ ఏడాది ఆమెతో పాటు ఇంగ్లండ్ కుర్రాళ్లకు బ్లూస్ నేర్పిన ఇద్దరు తెల్ల గురువులు, అలెక్సిస్ కోర్నర్, జాన్ మేయల్ కూడా ఉన్నారు.